జానమ్మ చెప్పిన ముత్తాత

కేతేపల్లి మండలంలోని మా అత్తగారి ఊళ్లో ఎడ్లవారిది పెద్ద కుటుంబం. ఎడ్ల అన్నది వాళ్ల ఇంటిపేరు. నేను ఆ ఇంటి అల్లుణ్ని. అల్లుడికి ఆ ఇంట్లో భోజనాల దగ్గర మొదటి విస్తరి, మాటల దగ్గర చివరి వంతు. అందుకని పెళ్లయినప్పటి నుంచీ తింటూ, వింటూ ఉన్నాను. అలా విన్నవాటిలో చెప్పదగింది మా మామగారి తమ్ముడి భార్య జానమ్మ సంగతి.

జానమ్మది పాలమూరు జిల్లా కొల్లాపూర్ వైపు. వాళ్ల ఊరు కృష్ణ ఒడ్డునే ఉండేది. ఆమెకు మామ కాబోయే మనిషి కాడెడ్ల కోసం అంత దూరం పోయి, గుర్వయ్య అనే రైతు దగ్గర ఒక జతను బేరమాడాడు. బేరం తెగేసరికి పొద్దుపోయింది. ఆ పూట అక్కడే తిన్నాడు, అన్నం వడ్డించిన పిల్లను చూశాడు. ఎండాకాలం నాటికి ఎడ్ల వెనకే ఆ పిల్లా కోడలై వచ్చింది. ఎడ్లలో ఒకదానికి కొమ్ము విరిగి ఉండడంతో ఊరంతా దాన్ని ఒంటికొమ్ము అని ముద్దుగా పిలుచుకున్నారు. జానమ్మకు ఆ మర్యాద దక్కలేదు. పిల్లల తల్లి అయ్యాక కూడా ఆమె ‘పాలమూరు పిల్ల’గానే ఉంది.

ఇంటి చరిత్ర మొత్తం జానమ్మ అత్త నర్సింగమ్మ నోట్లో ఉండేది. ఆమె చెప్పే కథలన్నిటికీ నాయకుడు ఆమె మామ లింగస్వామి. ఆయన ఒక పెళ్లిలో పొట్టేలు తలకాయ ఒక్కడే తిన్నాడు. దొర బండి ఎదురొస్తే తన బండిని పక్కకు తీయలేదు. బండిలో నిద్రపోతున్నాడు కాబట్టి తీయలేదని ఇంకొకరు అంటే నర్సింగమ్మ ఒప్పుకునేది కాదు. ఒక్క విషయం మాత్రం ఆమే నవ్వుతూ చెప్పేది. లింగస్వామికి నీళ్లంటే వణుకు. మూసీ దాటి పోవలసిన ప్రతి పెళ్లికీ ఆయనకు జ్వరం వచ్చేదట.

జానమ్మ తన తండ్రి గుర్వయ్య గురించి ఏదో చెప్పబోతే నర్సింగమ్మ తుంచేసేది.

“మీ పాలమూరు ముచ్చట్లు మీ ఊర్ల చెప్పుకోపో.”

కొన్నాళ్లకు ఆ ఊరే లేకుండా పోయింది. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లూ పొలాలూ మునిగాయి. గుర్వయ్య అప్పటికే చనిపోయాడు. జానమ్మ తమ్ముడు అంజన్న గొర్లను తోలుకుని మెరకకు పోయి గుడిసె వేసుకున్నాడు.

తెలంగాణ వచ్చిన ఏడాదే నర్సింగమ్మ కాలం చేసింది. మా అత్తగారు, మామగారు, ఆయన తమ్ముడు అంతకు ముందే పోయారు. అప్పుడు చూసుకుంటే, ఆ ఇంటి పాత సంగతులు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ఆ ఇంటి మనిషి కాదని నలభై ఏళ్లు అనిపించుకున్న పాలమూరు పిల్ల.

జానమ్మ కొడుకు కూతురు అక్షిత నల్లగొండలో చదివేది. ఒకసారి సెలవులకు వచ్చి అవ్వ పక్కన చేరింది. ఆ సంభాషణ జానమ్మే తర్వాత నాకు చెప్పింది.

“అవ్వా, మన తాతముత్తాతలు ఏం చేసిన్రో రాసుకొని రమ్మన్నది టీచర్.”

“ఏం చేస్తరు బిడ్డా. లింగస్వామి తాత అని ఉండేటోడు. మంచిగ తినేటోడు, మంచిగ పండేటోడు. నీళ్లంటే భయం.”

“గిదేం రాస్తనవ్వా? మా దోస్తు వాళ్ల తాత జైలుకు పోయిండట.”

“ఎందుకు పోయిండట?”

“గది తెల్వదు. పోయిండట.”

పిల్ల మొహం చిన్నబోయింది. జానమ్మకు జాలేసిందో, ఇన్నేళ్లుగా గొంతులో ఆగింది అప్పుడు కదిలిందో, గుర్వయ్య కథ మొదలుపెట్టింది. వానకాలం. కృష్ణ నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డు జాతరకు మనుషుల్ని తీసుకుపోతున్న పుట్టి నడి ఏట్లో తిరగబడింది. ఒడ్డు చేన్లో దున్నుతున్న గుర్వయ్య ఒక ఎద్దును కాడి నుంచి విప్పి, దాని తోక పట్టుకుని నీళ్లలోకి దిగాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ దిగాడు. ముగ్గురు బతికి బయటపడ్డారు. బండరాయి తగిలి ఎద్దు కొమ్ము విరిగింది. గుర్వయ్య ఒడ్డున కూర్చుని ఆ ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు జానమ్మకు అక్షిత వయసే. గట్టు మీద నిలబడి అంతా చూసింది.

అక్షిత కళ్లు మెరిశాయి.

“గీ గుర్వయ్య నాకేమైతడు?”

“నాకు నాయిన, నీకు ముత్తాత.”

“మరి ఇంటిపేరు ఎడ్లనేనా?”

“కాదు బిడ్డా. మాది వేరే.”

“అయితే గాదవ్వా. ఇంటిపేరు మనదే ఉండాలన్నది టీచర్.”

కథ పోవడం కంటే పేరు పోవడం నయమనుకుంది జానమ్మ.

“అయితే లింగస్వామి అని రాస్కో. కృష్ణ బదులు మూసీ అని పెట్టుకో.”

అక్షితకు బడిలో బహుమతి వచ్చింది. ఆ ఫొటో, కథ కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. అక్కడి నుంచి నా బావమరిది రఘుపతి కంట పడ్డాయి. రఘుపతి నకిరేకల్‌లో ప్లాట్లు అమ్ముతాడు. సర్పంచ్ కావాలని ఆయన కోరిక. కారుంది, మేడ ఉంది, వెంట తిరిగే మంది ఉన్నారు. చెప్పుకోదగ్గ ముత్తాతే తక్కువ. ఆ రోజే జానమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“చిన్నమ్మా, గింత పెద్ద ముచ్చట ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?”

“గది పిల్ల కోసం చెప్పిన నాయినా, అసలైతే…”

“ఎంతమందిని తీసిండు?”

“ముగ్గుర్ని.”

“ముగ్గురంటే ఏం బాగుంటది?”

దసరా నాటికి వాళ్లు పదకొండు మందయ్యారు. తోక పట్టుకుని ఈదిన మనిషి ఎద్దు మీదెక్కి కూర్చున్నాడు. ఊళ్లో ముసలివాళ్లు కూడా సాక్ష్యం చెప్పారు. “ఒంటికొమ్మును మేం కండ్లార సూసినం” అన్నారు. నిజమే, చూశారు. లింగస్వామి పోయిన ఎన్నో ఏళ్లకు ఆ ఎద్దు ఈ ఊరొచ్చిందన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

ఆ తర్వాత నకిరేకల్ ఫంక్షన్ హాల్లో ‘ఎడ్లవారి ఆత్మీయ సమ్మేళనం’ పెట్టారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. అందులో మెలితిప్పిన మీసాలతో ఒక మనిషి ఎద్దు మీద కూర్చుని కత్తిలాగా చర్నాకోల ఎత్తి ఉన్నాడు. జానమ్మ పుట్టింటివాళ్లనూ పిలవాలని పట్టుబట్టి అంజన్నను రప్పించింది. ఆయన రెండు బస్సులు మారి, అక్కకు ఇష్టమని తెల్లజొన్నల మూట మోసుకుని వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు.

రఘుపతి మైకు పట్టుకుని కథ ఎత్తుకున్నాడు. పుట్టి తిరగబడగానే అంజన్న మెడ నిక్కించాడు. కొమ్ము విరగగానే లేచి నిలబడ్డాడు.

“ఓ బిడ్డా, గది మా నాయిన ముచ్చట! గుర్వయ్యది! గా ఎద్దు మాది!”

హాలంతా ఆయన వైపు తిరిగింది. రఘుపతి కంగారు పడలేదు. ప్లాట్ల దగ్గర ఇంతకంటే పెద్ద తగాదాలు చూసినవాడు.

“మామా, ఎద్దు మీది గాదని ఎవలన్నరు? మీ దగ్గర్నే కొన్నం గదా. కొన్నంక మాదైతది గదా. జర కూసో మామా.”

అందరూ నవ్వారు. అంజన్న నవ్వలేదు. అక్క వైపు చూశాడు. జానమ్మ లేచి వేదిక ఎక్కింది. మైకు ఎటు పట్టుకోవాలో తెలియక రెండు చేతులా పట్టుకుంది.

“మా తమ్ముడన్నదే నిజం. పుట్టి బోల్తా పడ్డది కృష్ణల. దిగింది మా నాయిన. లింగస్వామి తాత మూసీల కాలు గూడ పెట్టలే. పిల్లకు నేనే పేరు మార్చి చెప్పిన.”

రఘుపతి మెల్లగా మైకు అందుకున్నాడు. ఆయన గొంతు నిజంగానే వణికింది.

“చూసిన్రా! గీ వయసుల గూడ మా చిన్నమ్మ తండ్రిని మర్చిపోలే. మన ముత్తాతను తల్సుకుంటే ఆమెకు తండ్రి కనవడ్తుండు. ఆడబిడ్డ ప్రేమంటే గిది!”

చప్పట్లు మోగాయి. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. జానమ్మకు శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. ముందు వరసలో కూర్చున్న అల్లుడు కొట్టకపోతే బాగుండదు.

అంజన్న అన్నం ముట్టలేదు. గేటు దగ్గర జానమ్మ చేయి పట్టుకుంటే విడిపించుకున్నాడు.

“ఊరు నీళ్లల్ల పోయింది అక్కా. నాయిన మీ ఇంట్ల పోయిండు.”

శాలువా భుజం మీద ఉండగానే ఆమె అక్కడ నిలబడిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు అంజన్న ఫోనెత్తలేదు.

సమ్మేళనం బాగా జరిగిందన్న ఊపులో రఘుపతి, హైవే పక్కన తన ప్లాట్ల ముందు లింగస్వామి విగ్రహం పెట్టాలనుకున్నాడు. శిల్పి వచ్చి ఫొటో అడిగాడు. ఫొటో లేదు. చూసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అందరూ జానమ్మ వైపు తిరిగారు.

“ఎట్లుండేటోడు చిన్నమ్మా?”

ఆమె కోడలై వచ్చేనాటికే లింగస్వామి లేడు. ఆ సంగతి చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆ రోజు మైకు ముందు చెప్పిన నిజం ఏమైందో గుర్తొచ్చినట్టుంది, ఆగింది. మెల్లగా శిల్పి ముందు కూర్చుంది.

“ముక్కు పొడుగు. ఎడమ చెవు జర బయటికుంటది. నవ్వితే ఒక కన్ను చిన్నగయితది. భుజం మీద గొంగడి ఉంటది.”

“మీసాలు పైకే గదా చిన్నమ్మా?” అన్నాడు రఘుపతి ఆశగా.

“కిందికే. సూసినదాన్ని నేనా, నువ్వా?”

మట్టి నమూనా తయారవుతున్నన్ని రోజులూ ఆమె రోజూ పోయి కూర్చుంది. చెంపలు లోపలికి తీయించింది. ఎద్దు మీద ఎక్కించిన మనిషిని దింపించి పక్కన నిలబెట్టించింది. ఎద్దు మీద కూర్చుంటే పొట్ట ముందుకొస్తుందని శిల్పి కూడా అనడంతో రఘుపతి ఒప్పుకున్నాడు.

ఆవిష్కరణ ముందు రోజు జానమ్మ నాతో ఫోన్ చేయించింది. నా నంబరు కాబట్టి అంజన్న ఎత్తాడు.

“ఒక్కసారి వచ్చి సూసిపో తమ్మీ. తర్వాత రాకున్నా మంచిదే.”

ఆయన వచ్చాడు, అందరికంటే వెనక నిలబడ్డాడు. ముసుగు లాగారు. అంజన్న తలకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి విగ్రహం పాదాలు పట్టుకుని “నాయినా” అన్నాడు. కింద నల్లరాయి మీద ‘ఎడ్ల లింగస్వామి’ అని చెక్కి ఉంది. చదువు రాని అంజన్నకు దాంతో పని పడలేదు.

మొన్నటి ఎన్నికల్లో రఘుపతి ఓడిపోయాడు. ముత్తాత మీద ఆయన నమ్మకం మాత్రం తగ్గలేదు. అంజన్న ఇప్పుడు ఏటా వానలు పడే ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి అక్కడ కొబ్బరికాయ కొడుతున్నాడు. ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లకు రఘుపతి చూపిస్తుంటాడు.

“చూసిన్రా? పాలమూరు కెల్లి వచ్చి మొక్కుతున్నరు. మా ముత్తాతంటే గట్లుంటది.”

ఈసారి నేనూ అక్కడే ఉన్నాను. జానమ్మ గట్టు మీద కూర్చుని, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని విగ్రహాన్నే చూస్తోంది.

“ఏమంటవు చిన్నత్తా?” అని అడిగాను.

“నెత్తి మీద ఎండ పడుతాంది అల్లుడా. పైన రేకులేయమని రఘుపతికి చెప్పు. వాళ్ల తాత గదా, ఏస్తడు.”