పిచ్చుక పిల్లను చంపిన మధ్యాహ్నం

చిన్నపిల్లల కథలను పాడుచేయడం నా వృత్తి. హైదరాబాదులో ఒక ఆడియో యాప్ ఉంది. అందరికీ తెలిసిన కథలు తీసుకొని, వాటిలో నాలుగు శవాలు కలిపి పంపిస్తే, వాళ్ళు మంచి గొంతున్నవాళ్ళతో చదివిస్తారు. గాజు చెప్పు కోసం కాలివేళ్ళు కోయించాను. నిద్రపోయే రాజకుమారిని ఎలుకలకు అప్పగించాను. తెల్లవాళ్ళ కథలు అయిపోయాక మన కథల మీద పడ్డాను. మా ఎడిటర్‌కు ఉన్న సాహిత్య సిద్ధాంతం ఒక్కటే: "విన్నవాడికి నిద్ర పట్టకూడదు సార్."

మాది తమిళనాడులోని గుడియాత్తం. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. బడిలో చదివింది అరవం. చిత్తూరులో డిగ్రీ వెలగబెట్టిన పుణ్యాన నాకొక్కడికే అక్షరాలు అబ్బాయి. అందుచేత మా వంశంలో నా రచనల మీద చెడ్డ విమర్శ ఇంతవరకు రాలేదు.

కాకి, పిచ్చుక కథ నాకు చెప్పింది మా అవ్వ, నాన్నను కన్న తల్లి. తాత మగ్గం మీద లుంగీలు నేస్తుంటే, ఆమె పక్కనే రాట్నం తిప్పి కండెలకు నూలు చుడుతూ కథ చెప్పేది. మేం ఊ కొట్టాలి. ఎవరి ఊ ఆగినా రాట్నం ఆగేది. వంగి, ఆ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నిద్రేనని తేల్చుకున్నాకే దుప్పటి కప్పేది. ఇదేం చాదస్తమని మెలకువగా ఉన్నవాళ్ళం నవ్వుకునేవాళ్ళం.

ఈమధ్య అవ్వ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వేలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆమె నిద్రపోవడం మానేసింది. మాత్ర ఇస్తే మాత్రతోనే కొట్లాడేది. కళ్ళు మూతపడబోతే తన చెయ్యి తనే గిల్లుకునేది. నిద్ర లేక అన్నం సహించలేదు, లేపి నడిపిద్దామంటే తల తిరిగేది. ఇలాగే ఉంటే మనిషి దక్కడం కష్టమని డాక్టరు మా నాన్నను పక్కకు పిలిచి చెప్పాడు. బంధువులు వంతులవారీగా వచ్చి సలహాలిచ్చి వెళ్ళారు. పళ్ళికొండ రంగనాథుడికి మొక్కుకోమంది ఒక అత్త. ఎప్పుడూ పడుకునే ఉంటాడు కాబట్టి నిద్ర విషయంలో ఆయనకు మించిన అనుభవజ్ఞుడు లేడట.

ఒక మధ్యాహ్నం కాపలా నా వంతు వచ్చింది. మాట్లాడటానికి ఏమీ తోచక ఫోన్ తీశాను.

"అవ్వా, నీ కథే. నేను మార్చి రాసినా. ఇంటావా?"

"చదువు నాయనా. ఈడ నాకేం పని ఉండాది?"

వానలో కాకి ఇల్లు కొట్టుకుపోయేదాకా అంతా అవ్వ చెప్పిన కథే. "ఊ," అంది. కాకి వెళ్ళి పిచ్చుక తలుపు తట్టింది. "ఊ." ఉండు, బిడ్డకు నీళ్ళు పోస్తున్నానని లోపల్నుంచి పిచ్చుక అంది. "ఊ." అక్కడి నుంచి నా ప్రతిభ మొదలవుతుంది. నా కథలో ఆ బిడ్డ చచ్చి చాలా రోజులైంది. తల్లి మాత్రం రోజూ నీళ్ళు పోస్తూనే ఉంది. తొట్టిలో ఈకలు తేలుతున్నాయి. ఆ చోటు చదివి ఎడిటర్ నాకు దండాలు పెట్టాడు. నేను కూడా గొంతు తగ్గించి, వీలైనంత వణికించి చదివాను.

ఊ రాలేదు.

తలెత్తి చూస్తే అవ్వ నోరు తెరుచుకొని ఉంది, కళ్ళు మూతపడ్డాయి. నా కథతో అవ్వను చంపేశాననుకున్నాను. వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా గాలి తగిలింది. అయినా నమ్మకం చాలక నర్సును కేకేశాను. ఆమె వచ్చి అవ్వను చూసి, తర్వాత నన్ను అనుమానంగా చూసింది.

"పాట్టి నల్లా తూంగురాంగ. ఎన్న మరుందు కుడుత్తీంగ?"

అవ్వ హాయిగా నిద్రపోతోందట, నేనేం మందు ఇచ్చానట. భయానక సాహిత్యమని చెప్పడానికి సిగ్గేసింది. మా ఎడిటర్ సిద్ధాంతం ఎదురుగా మంచం మీద గురకపెడుతోంది.

పొద్దు వాలే వేళకు అవ్వ లేచి, తనే ఇడ్లీ అడిగి తిన్నది. నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

"నా కథ అంత చప్పగా ఉండిందా అవ్వా?"

"కథ ఎవురిన్నారు నాయనా?" అని, ఖాళీగా ఉన్న పక్క మంచం వైపు గడ్డంతో చూపించింది. "ఆ విరించిపురం ఆమె అట్లే పండుకునింది. మళ్ళా లెయ్యలే. పక్కనే ఉండి నాకే తెలీలే, పావం. నాకూ అట్లే అయిపోతాదని కండ్లు మూసేదానికి బయం. నువ్వు కథ చదవతా ఉంటే, నేను ఊ అనకుంటే నీకు తెలుస్తాది గదా. వంగి చూస్తావు గదా. దానికే ధైర్నంగా పండుకున్నా."



ఇంటికి పంపేదాకా రోజూ కుర్చీ మంచానికి ఆనించుకొని అదే కథ చదివాను. తొట్టిలో ఈకలు తేలే చోటు మళ్ళీ ఒక్కరోజు కూడా రాలేదు. ఊ ఆగగానే చదవడం ఆపి, వంగి చూసేవాణ్ణి.