డికాక్షన్ దిగేదాకా

మొన్న మా అమ్మాయి నాగోల్ నుంచి స్కూటీ మీద ఒక పెద్ద అట్టపెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చి, ఎల్బీనగర్‌లోని మా ఫ్లాటు వంటింటి గట్టు మీద నా ఉప్పు డబ్బా, పసుపు డబ్బా పక్కకు జరిపి, నల్లగా నిగనిగలాడే కాఫీ మిషన్ ఒకటి నిలబెట్టింది. రాత్రి పడుకునే ముందు వెనక తొట్టిలో నీళ్ళు పోసి, కాగితపు వడపోతలో పొడి వేసి, ఎన్ని గంటలకు కావాలో బొత్తాలు నొక్కి పెడితే చాలట. పొద్దున ఆ వేళకు అదే మేలుకుని, అదే నీళ్ళు కాచుకుని, అదే డికాక్షన్ దింపి, గాజు జగ్గులో చల్లారకుండా కాపలా కూడా కాస్తుందట. "ఇగ నువ్వు చీకట్ల లేవకమ్మా, జర సేపు పడుకో. టైమ్ సెట్ చేసిన, అదే ఆన్ అయితది" అని, నా చేత కూడా బొత్తాలు నొక్కించి, నాకు వచ్చిందని నమ్మకం కుదిరాక గానీ వెళ్ళలేదు. నా మోకాళ్ళ నొప్పులు చూడలేక పిల్ల చేసిన పని అది, కాదనడానికి నాకు నోరెట్లా వస్తుంది.

మర్నాడు అలవాటు కొద్దీ నాకు ముందే మెలకువ వచ్చేసినా, కూతురి మాట కాదనలేక దుప్పటి కప్పుకుని అట్లాగే పడుకున్నాను. కాసేపటికి వంటింట్లో ఏదో గుడగుడలాడింది, ఆ వెనకే కాఫీ వాసన పడకగది దాకా నడిచి వచ్చింది. నేను లేవకుండానే నా వంటింట్లోంచి కాఫీ వాసన రావడం నా సంసారంలో అదే మొదటిసారి. ఇంకెవరైనా అయితే మహారాణిలా మురిసిపోయేవారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే, మీరు నవ్వినా సరే చెబుతాను, నేను కాఫీ నేర్చుకున్నది కాఫీ కోసం కాదు, డికాక్షన్ దిగడానికి పట్టే ఆ కాస్త సేపు కోసం.

మా అమ్మగారిది పోచంపల్లి దగ్గర ఊరు. పొద్దున్నే మగ్గం చప్పుడుతో పాటు చాయ్ మరిగే వాసన వచ్చే ఇల్లు. కాఫీ అనేది సినిమాల్లో డబ్బున్న వాళ్ళు కప్పూ సాసరూ పట్టుకుని తాగేదని మాత్రమే మాకు తెలుసు. పెళ్ళయి నేను కాపురానికి వచ్చింది దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో కిరాయి పోర్షన్‌కి. అత్తవారిది కూడా నేతపని వాళ్ళ కుటుంబమే, మగ్గం వదిలి పట్నం వచ్చారు. మామయ్య బట్టల దుకాణంలో పని, మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రెండు గదులు, తలుపు లేక పరదా వేలాడే ఒక వంటిల్లు. ముందు గదిలో మామయ్యా, ఇద్దరు మరుదులూ. లోపలి గదిలో ఒక పక్క అత్తమ్మా, ఆడబిడ్డా. పాత చీర ఒకటి అడ్డం కట్టి, ఇంకో పక్క కొత్త జంట అయిన మేము. చీర చూపును ఆపుతుంది గానీ మాటను ఆపదు కదా. అత్తమ్మ మంచం మీద ఒత్తిగిల్లితే మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం, మామయ్య ముందు గదిలో దగ్గితే ఏదో తప్పు చేసినట్టు ఉలిక్కిపడేవాళ్ళం. మా తరం వాళ్ళకు ఇదంతా విడమరిచి చెప్పనక్కరలేదు, మీలో సగం మంది కాపురాలు అట్లాగే మొదలై ఉంటాయి.

ఆయనకు మొదటి బస్సు డ్యూటీ. ఇంకా కోడి కూడా కూయకముందే డిపోలో ఉండాలి. అందరికంటే ముందు లేచి నేను చాయ్ పెట్టేదాన్ని, ఆ పాడు చాయ్ ఎంతలో మరుగుతుంది? ఇటు పాలు పొంగడం, అటు ఆయన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడే గ్లాసు ఖాళీ చేయడం, చెప్పుల్లో కాళ్ళు పెట్టడం, అంతా ఒక్క గుక్కలో అయిపోయేది. సాయంత్రం వచ్చాక ఆయన అందరి మనిషి; అన్నం తిన్నాక ఒళ్ళెరగని నిద్ర. పెళ్ళయి నెలలు గడుస్తున్నా, అందరి ముందూ "నీళ్ళియ్యి", "తాళం చెవి ఏది" అనే గొంతు తప్ప ఆయన అసలు గొంతు నాకు తెలియలేదు. ఈ మనిషితో జీవితమంతా ఉండాలి, ఈయన ఎవరో నాకు తెలియదే అని దిగులేసేది. ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడుకునేందుకు కాసింత వ్యవధి కావాలి, ఎవరూ కాదనలేని సాకు ఒకటి కావాలి. నాకు ఎంతసేపూ అదే ధ్యాస.

ఆ సాకు మా ఇంటి ఓనరమ్మ గారి వంటింట్లో దొరికింది. వాళ్ళది కృష్ణా జిల్లా, వాళ్ళ మాట తీరు చూసి మా ఆడబిడ్డ చాటుగా నవ్వేది, మా మాట తీరు చూసి ఆవిడా చాటుగా నవ్వే ఉంటారు. ఒక శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళితే కాఫీ తాగి వెళ్ళమని కూర్చోబెట్టారు. ఇత్తడి గిన్నెలు ఒకదాని మీద ఒకటి ఎక్కించిన ఫిల్టరు అప్పుడే మొదటిసారి చూశాను. పై గిన్నెలో పొడి, దాని మీద మసిలే నీళ్ళు, కింది గిన్నెలోకి బొట్టు బొట్టుగా నల్లటి డికాక్షన్. ఎంతకీ అవ్వదేమని నేను మాటిమాటికీ అటు చూస్తుంటే, "అది దిగినప్పుడే దిగుతుందమ్మాయ్, మనం తొందరపెడితే నీళ్ళకాఫీ అవుతుంది" అన్నారావిడ. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. తొందరపెట్టకూడని వస్తువు ఒకటి ఈ లోకంలో ఉందన్నమాట.

వాడకం మానేసిన పాత ఫిల్టరు ఒకటి ఆవిడే ఇచ్చారు, సొట్ట పడ్డది. ఇస్తూ, రాత్రే పొడి వేసి నీళ్ళు పోసి పడుకుంటే తెల్లారేసరికి డికాక్షన్ సిద్ధంగా ఉంటుందనీ, పొద్దున్నే హైరానా ఉండదనీ చెప్పారు. సరేనని తల ఊపాను గానీ, ఆ సలహా ఒక్కనాడూ పాటించలేదు. ఇంట్లో ఒప్పించడానికి మాత్రం పెద్ద నాటకమే ఆడాల్సి వచ్చింది. "చాయ తాగే నోటికి గా కషాయమేందే" అని అత్తమ్మ ముక్కు విరిచింది. చాయ్‌తో ఆయనకు మత్తు వదలట్లేదనీ, బండి నడిపే మనిషి కునికితే ఎట్లా అనీ నేను అమాయకంగా మొహం పెట్టేసరికి ఆమె గుండె గుభేలుమంది. మళ్ళీ ఎదురు చెప్పలేదు.

ఆనాటి నుంచి మాకు పొద్దు అనేది ఒకటి వచ్చింది. కిరసనాయిలు స్టవ్వు సన్నటి మంట, రెండు పీటలు, మా మధ్య ఆ సొట్ట ఫిల్టరు. డికాక్షన్ దిగేదాకా ఆయన కూర్చోక తప్పదు, నేను ఆయన ఎదురుగా కూర్చోక తప్పదు. పరదాకు అవతల అందరూ నిద్రలో ఉంటే మేము గొంతులు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. తగ్గించడమంటే మామూలుగా కాదు, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా జరిగి, మాట పెదవి దాటీ దాటకుండా అన్నమాట. కోడిపుంజును కొంగు కింద దాచుకుని బస్సెక్కిన ముసలమ్మ గురించి, మంగళవారం నాడు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయే జనం గురించి, ఒక్కనాడైనా నన్ను తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రూటంతా తిప్పాలన్న తన కోరిక గురించి ఆయన చెప్పేవారు. మా నాన్న మగ్గం మీద కూర్చుని పాడే పాటల గురించి, రంగు నీళ్ళలో ముంచిన నూలు కట్టలు ఎండలో ఎట్లా మెరుస్తాయో దాని గురించి నేను చెప్పేదాన్ని. అంత మెత్తటి గొంతు ఆ ఖాకీ చొక్కాలో ఉందని నాకేం తెలుసు? ఆ గుసగుసలతోనే నాకు మా ఆయన మీద ప్రేమ కలిగింది, పెళ్ళితో కాదు.

అయినా ఆశకు అంతు ఉండదు కదా. ఎంత నిదానమైన ఫిల్టరైనా చివరికి దిగే తీరుతుంది. పొడిని గరిటె కాడతో అదిమితే ఇంకొంచెం ఆలస్యంగా దిగుతుందని కనిపెట్టాను. రోజూ ఇంత, ఇంత అని అదమడం పెంచుతూ పోయాను. బొట్టు బొట్టుకూ మధ్య ఎడం పెరిగింది, మా మాటలూ పెరిగాయి. ఆయన ఏమీ అడగలేదు, నేనూ ఏమీ ఎరగనట్టే ఉన్నాను.

అట్లా హాయిగా నడుస్తుండగా కాలేజీలో చదివే మా ఆడబిడ్డ ఎవరో స్నేహితురాలి ఇంట్లో చూసి, నా మీద జాలితో, ఒక కాఫీ పొడి సీసా పట్టుకొచ్చింది. "వదినా, పొద్దుగాల్నే నీకు గింత పరేషాన్ ఎందుకు? గీ పొడి వేడి పాలల్ల కలిపితే అయిపాయె" అని ఆమె అంటుంటే అత్తమ్మ మొహం వెలిగిపోయింది, నా మొహం మాడిపోయింది. వద్దనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. మర్నాడు చెంచాడు పొడి వేసి కలిపి ఇచ్చాను. ఆయన నిలబడే తాగేసి, ఒక క్షణం పీట వైపు చూసి, వెళ్ళిపోయారు. నేను ఆ స్టవ్వు ముందే కూలబడి ఏడ్చాను. నా పొద్దును ఒక చెంచాతో ఎత్తుకుపోయినట్టు అనిపించింది. అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, ఆయనకు అది పోయినా ఏమీ తేడా లేదేమో, ఆ పీట మీద కూర్చోవాలన్న ఆరాటం నాదొక్కదానిదేనేమో అన్న అనుమానం.

ఆ సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఆయన తల ఎత్తకుండానే చెల్లెలితో, "గా సీస కాఫీ నాకు పడలే. కడుపుల మంట లేచింది, స్టీరింగ్ పట్టుడే కష్టమైంది" అన్నారు. అత్తమ్మ అప్పటికప్పుడే లేచి సీసాను అటక మీదికి ఎక్కించింది. మర్నాడు మళ్ళీ ఫిల్టరు దించాను. ఆయన పీట మీద కూర్చున్నారు. మంట తగ్గిందా అని కంగారుగా, గుసగుసగానే అడిగాను. ఆయన చప్పుడు కాకుండా నవ్వి, నా చెవి దగ్గరికి వంగి, "నా కడుపుకేమైంది? గుండ్రాయి లెక్కుంది. రేపటి సంది పొడి ఇంకా జర గట్టిగ అదుము" అన్నారు. నేను మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక ఫిల్టరు మూత చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. అంతకు ముందూ ఆ తర్వాతా నాతో ఎవరూ అంత మంచి మాట అనలేదు.

మా అమ్మాయి కడుపులో పడ్డ సంగతి కూడా ఇంట్లో అందరికంటే ముందు ఆ పీట మీదే ఆయనకు చెప్పాను. డికాక్షన్ ఎప్పుడో దిగిపోయి చల్లబడిపోయినా ఇద్దరికీ సోయి లేదు. ఆనాడు డిపోలో ఆలస్యానికి ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు.

ఆ తర్వాత అందరి ఇళ్ళల్లో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. ఆడబిడ్డకు పెళ్ళయింది, మరుదులు వనస్థలిపురంలో చెరో ఇల్లు కట్టుకున్నారు, అత్తమ్మా మామయ్యా కాలం చేశారు, మేము ఎల్బీనగర్‌లో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. ఇత్తడి ఫిల్టరు పోయి స్టీలుది వచ్చింది. మూడు గదులు, అన్నింటికీ తలుపులు, గడియలు. ఎవరికీ వినబడకుండా మాట్లాడుకోవాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఇక ఆయన రిటైరయితే రోజంతా కబుర్లేనని నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూశాను.

కానీ పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే, ఎడమ చేతి వైపు రేకు మూత కింద ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ రొద పక్కన కూర్చున్నందుకు ముందు ఆయన ఎడమ చెవి పోయింది, ఆ తర్వాత కుడిదీ మందగించింది. దవాఖానలో ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటే కీచుమంటుందని దాన్ని డబ్బాలోంచి తీయరు. అందుకని ఈ ఇంట్లో మాటంటే కేకే. మేము ఏ కూర వండుకున్నామో, ఆయన ఏ మాత్ర మరిచిపోయారో పై అంతస్తు వాళ్ళకు కూడా తెలుసు. లిఫ్టులో కనబడితే వాళ్ళే అడుగుతారు, అంకుల్ బీపీ గోలీ వేసుకున్నారా అని.

ఈ పొద్దున మేమిద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. డ్యూటీ లేదు, ఉలిక్కిపడాల్సిన దగ్గు లేదు, కాఫీ మిషన్ పుణ్యమా అని నాకు పని కూడా లేదు. కాఫీ ఊదుకుంటూ తాగుతున్న ఆయన్ను చూస్తుంటే ఏమనిపించిందో, ముందుకు వంగి, గొంతు తగ్గించి, "గా గల్లీ ఇంట్లనే మంచిగుంటిమి కదా" అన్నాను. నా పెదవులు కదలడం చూసి ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆఁ? ఏందే?" అన్నారు. అదే మాట గట్టిగా అందామని నోరు తెరిచాను. రాలేదు. అరిచి చెబితే అది ఫిర్యాదు అవుతుంది, నేను చెప్పాలనుకున్నది అది కాదు. "చక్కెర సరిపోయిందా అంటున్నా" అని అరిచాను. "ఆ, మంచిగుంది" అని ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నారు.

ఆ ఇంట్లో మా చుట్టూ వినే చెవులే ఉన్నా, ఒక్కరికీ దొరక్కుండా నా మాట ఆయన దాకా చేరేది. ఇప్పుడు ఇల్లంతా మాదే, రోజంతా మాదే, నా మాటే చేరదు. నా గుసగుస ఒక్కటి ఆయనకు వినబడితే చాలు, ఈ మూడు గదులూ ఎవరికైనా ఇచ్చేసి, ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ పరదా వెనక వంటింట్లో కూర్చుంటాను.