ఈలవేసే తలుపులు

అంతరిక్ష సీరియల్‌లో ఓడ తలుపులు తెరుచుకునే "షుష్ష్" చప్పుడు తొమ్మిదేళ్లుగా ఆయన నోటిదే. స్టూడియోలో అందరికీ "తలుపులాయన". మైకు ముందు కళ్లు మూసుకుని, బుగ్గలుబ్బించి, లేని తలుపుని చేత్తో పక్కకి నెట్టేవాడు. పదో ఏడు మొదట్లో ముందుపన్ను ఊడింది. ఓడ తలుపులన్నీ ఈల వేయడం మొదలెట్టాయి. ఉద్యోగం కూడా ఊడుతుందని బెంగపడి, నెల తిరక్కుండా కట్టుడుపన్నుతో వెళ్లాడు. దర్శకుడు లబోదిబోమన్నాడు.

"పన్నెవరు పెట్టించుకోమన్నారయ్యా? ఓడలో దొంగ దూరి ఈల వేస్తున్నాడని జనం ఉత్తరాలు రాస్తుంటే, ఈ ఏడాది కథంతా దానిమీదే నడిపిస్తున్నాను!"

ఆయన పన్ను తీసి జేబులో వేసుకుని, హాయిగా ఈల వేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో భార్య టీవీ ముందు కూర్చుని, "ఇంతకీ ఆ దొంగెవరండీ?" అంది.

"బయటికి చెప్పకూడదే," అన్నాడాయన, తొమ్మిదేళ్లలో మొదటిసారి కాలుమీద కాలేసుకుని.