ఈశాన్యం వాటం

నందిగామలో ఏ కొత్త ఇంట్లోనైనా గచ్చు ఆశీర్వాదం మేస్త్రి చేతిదైతే, అది ఆరి గట్టిపడ్డ రోజున అతను తప్పకుండా చేసే పని ఒకటుంది. చెప్పులు గుమ్మం బయట వదిలి, నైరుతి మూలకు వెళ్ళి, జేబులోంచి గోలీ ఒకటి తీసి నేలమీద పెట్టి వదులుతాడు. గోలీ కాసేపు తటపటాయించి, ఎవరో పిలిచినట్టు ఈశాన్యం మూలకు దొర్లుకుంటూ పోతుంది. మేస్త్రి నీళ్ళ వాటం చూసుకుంటున్నాడని ఇంటివాళ్ళు అనుకుంటారు. చూసుకునేది వాటమే. కాని గోలీ గోడకు తగిలి ఆగిపోయాక కూడా అతను అటే చూస్తూ నిలబడిపోతాడు.

"ఏం మేస్త్రీ, తేడా వచ్చిందా?" అని ఇంటావిడ కంగారుపడుతుంది.

"లేదమ్మా. బానే పోయింది," అంటాడు ఆశీర్వాదం, వంగి గోలీ తీసుకుంటూ.

ఊళ్ళు తిరిగినవాళ్ళు ఊరిని గోపురంతోనో వంతెనతోనో గుర్తుపెట్టుకుంటారు. తాపీపనివాడికి ఊరంటే నేల. ఏ ఇంట్లో నేల చల్లగా ఉంటుందో, ఏ వరండాలో వానొస్తే నీళ్ళు నిలుస్తాయో అతనికి తెలుస్తుంది. ఆశీర్వాదం నందిగామలో లెక్కలేనన్ని నేలలు చేశాడు. అతను తలుచుకునే నేల మాత్రం వాటిలో లేదు. అది జగ్గయ్యపేటలో ఉంది. ఇప్పుడది పత్తి కింద ఉంది.

డెబ్భై ఎనిమిదిలో జగ్గయ్యపేటలో దశరథరామయ్యగారు స్కేటింగ్ రింకు పెట్టారు. అన్నదమ్ములు పంచుకోగా ఆయన వాటాకు పాత పత్తిమిల్లు షెడ్డొకటి వచ్చింది. మిషన్లు తమ్ముడికి పోయాయి. ఉత్త షెడ్డును చూసి కుమిలిపోవడం కన్నా మద్రాసు వెళ్ళి బంధువుల ఇంట్లో నెల్లాళ్ళుండి రావడం మేలనుకున్నారాయన. అక్కడ చూశారు, కుర్రకారు కాళ్ళకు చక్రాలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ క్యూలో నిలబడడం. తిరిగొచ్చి బస్సు దిగుతూనే ఆశీర్వాదానికి కబురుపెట్టారు.

"ఒరే, షెడ్డంతా గచ్చు చెయ్యాలి. అద్దంలా ఉండాలి. నీ ఇష్టదేవుడి మీద ఒట్టేసి చెయ్యి."

ఇరవై రెండు రోజులు పట్టింది. ఆశీర్వాదం తాపీ పడితే అతని భార్య ఆరోగ్యమ్మ సిమెంటు మాలు తట్టలు మోసింది. చేసిన గచ్చుకు పొద్దున్నా సాయంత్రం బిందెలతో నీళ్ళు పెట్టింది. చివర్లో ఇద్దరూ మోకాళ్ళమీద కూర్చుని, సానరాళ్ళతో షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పామారు. పని అయిపోయాక ఆమె చీరకొంగుతో ఒక జానెడు మేర తుడిచి, తన ముఖం చూసుకుని, "అబ్బో, దొరసానిలా ఉన్నా," అంది. అప్పుడే అన్నాడతను: "రింకు తెరిచాక మనిద్దరం చెయ్యీచెయ్యీ పట్టుకుని ఒక చుట్టు తిరుగుదాం."

మాటవరసకు అన్నదే. కాని కొన్ని మాటలు అన్నవాడినే పట్టుకుంటాయి.

దసరాకు రింకు తెరిచారు. మైకులో రికార్డు వేశారు. మొదటి జోడు చక్రాలు దశరథరామయ్యగారి అన్నగారబ్బాయి కొండలరావుకు కట్టారు. అతను తెల్లప్యాంటులో లేచి నిలబడ్డాడు. అడుగు వెయ్యకుండానే కదిలాడు. చేతులు రెండూ గాలిలో తిప్పుతూ, "బాబాయ్! బాబాయ్!" అని అరుస్తూ తిన్నగా ఈశాన్యం మూలకుపోయి గోడను కౌగిలించుకున్నాడు. వెనక వచ్చిన బ్యాంకు గుమస్తా అతని మీద, ఆ వెనక సిమెంటు ఫ్యాక్టరీ ఫోర్‌మను గుమస్తా మీద పడ్డారు. అరగంటలో జగ్గయ్యపేటలోని పెద్దమనుషులంతా ఆ మూలలో ఒకే కుప్ప అయ్యారు.

దశరథరామయ్యగారు ఆశీర్వాదాన్ని పక్కకు లాగారు. "ఏందిరా ఇది? రసమట్టం పెట్టావా లేదా?"

"పెట్టానండి. గజానికి అరంగుళం లెక్కన, సరిగ్గా ఈశాన్యానికి ఇచ్చానండి వాటం."

"ఎవడిమ్మన్నాడ్రా?"

ఆశీర్వాదం తెల్లబోయాడు. "ఇవ్వకుండా గచ్చెవరన్నా చేస్తారా అండీ?"

ఆ ప్రాంతంలో పశువుల కొట్టానికి కూడా ఈశాన్యానికి వాటం లేకుండా ఎవరూ నేల చెయ్యరు. చేస్తే మొదట తిట్టేది దశరథరామయ్యగారే. అయినా అన్నారు, "ఇక్కడ నీళ్ళెవరు పోస్తార్రా, తిరిగేది చక్రాలు కదా!"

నీటికీ చక్రానికీ ఉన్న చుట్టరికం ఆశీర్వాదానికి ఆ పూటే తెలిసింది. రెండూ పల్లమెటుంటే అటే పోతాయి, పెద్దమనుషులని చూడవు.

"పగలగొట్టి మళ్ళీ చేస్తానండి, కూలి వద్దు," అన్నాడు. ఈలోగా కుప్పలోంచి లేచిన కొండలరావు దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. "పగలగొట్టించకు బాబాయ్! తొయ్యకుండానే పోతంది. మద్రాసులో కూడా ఉండదిట్టాంటిది."

అలా ఆ తప్పు నిలిచిపోయింది. ఈశాన్యం మూలలో వరిగడ్డి బస్తాలు కట్టారు. "నువ్వు చేసిన వాటానికి నువ్వే కాపలా ఉండు," అని దశరథరామయ్యగారు ఆశీర్వాదాన్ని అక్కడే పనిలో పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళ కాళ్ళకు చక్రాల పట్టీలు బిగించడం, మూలకొచ్చి పడేవాళ్ళను పట్టుకోవడం అతని పని. కొద్దిరోజుల్లోనే అతనూ తిరగడం నేర్చుకున్నాడు. నేల తనదే కాబట్టి దాని వాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పాదానికి ముందే తెలిసేది.

బల్లమీద కూర్చున్నవాడి కాలు తన మోకాలిమీద పెట్టుకుని పట్టీ బిగించాలి. రింకు నడిచిన ఆరేళ్ళలో ఊరినంతా అతను కాళ్ళను బట్టి చదివాడు. సున్నపురాయి క్వారీవాళ్ళ కాళ్ళు స్నానం చేసొచ్చినా గోళ్ళ దగ్గర తెల్లగా ఉండేవి. గుమస్తాల మడమలు మెత్తన. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి సరదాకు వచ్చిన డ్రైవర్ల కుడిపాదం కింద కాయ కాసి ఉండేది. పొలం కుర్రాళ్ళ పాదాలు వెడల్పు, ఏ జోడులోనూ పట్టేవి కావు. వాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి కట్టేవాడు.

రింకు తెరిచిన వారానికి ఆరోగ్యమ్మ వచ్చింది. కొత్తచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. సరిగ్గా అప్పుడు ఆశీర్వాదం మోకాలిమీద కొండలరావు పాదం ఉంది. ఆమె ఎంతసేపు చూసిందో తెలియదు. అతను తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి కొత్తచీర పెట్టెలోకి వెళ్ళిపోయింది.

"వచ్చినదానివి లోపలికి రాలేదేం?"

"ఎందుకూ? మిరపచేలో ఆ కొండలరావు వాళ్ళ నాన్న ముందు నే వంగేది చాల్లేదా? తాపీ పట్టే చేత్తో ఆ కుర్రాడి కాళ్ళు పడతన్నావు."

"పట్టీ బిగించటమేగా ఆరోగ్యం."

"బిగించు. నన్ను మాత్రం ఆ నేల తొక్కమనకు."

అతను రోజూ రింకు తెరవకముందు, ఊడ్చడం అయ్యాక, చక్రాలు కట్టుకుని ఒంటరిగా నాలుగు చుట్లు తిరిగేవాడు. పైన రేకుల కంతల్లోంచి పడే ఎండ నాణేల్లా నేలమీద ఉండేది. నైరుతి నుంచి ఒక్కసారి వదిలితే, నేలే మోసుకుపోయేది. ఆ మోతలో ఏదో తక్కువైనట్టుండేది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం అతను అన్నం క్యారియర్ మర్చిపోతే ఆరోగ్యమ్మ తీసుకొచ్చింది. గుమ్మం బయటే నిలబడి పిలవబోయి ఆగింది. లోపల మొగుడు ఒక్కడే తిరుగుతున్నాడు. కుడిచెయ్యి మామూలుగానే ఊగుతోంది. ఎడమచెయ్యి మాత్రం పక్కకు చాపి ఉంది, ఎవరో పట్టుకున్నట్టు.

"ఆ చెయ్యెవరికయ్యా?" అంది.

ఆశీర్వాదం ఉలిక్కిపడి గడ్డి బస్తాల్లోకి పోయాడు. అక్కడినుంచే అన్నాడు, "ఎవరికేంది, నీకే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. క్యారియర్ గుమ్మంలో పెట్టింది. "చూద్దాంలే. ఎవళ్ళూ లేనప్పుడు."

ఎవరూ లేనప్పుడు అనేది ఎంత కష్టమో ఇద్దరికీ తర్వాత తెలిసింది. రింకు ఖాళీగా ఉండేది సంక్రాంతి దాటాక. అప్పుడు ఆమె పెనుగంచిప్రోలు వైపు మిరపకోతలకు ముఠాతో వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండిపోయేది. ఎండాకాలం ఆమెకు తీరిక, కాని బడి సెలవులు గనక రింకు పొద్దున్నే ఆరింటికే నిండేది. వానల్లో షెడ్డు కారేది. కారిన నీరంతా బుద్ధిగా ఈశాన్యానికి పోతుంటే దశరథరామయ్యగారు గొణుక్కుంటూ, "వాటం పనికొచ్చిందిరోయ్," అనేవారు. అప్పుడామె నాట్లలో ఉండేది. మధ్యలో ఒక ఏడు చూలాలు, మరో ఏడు చంకలో బిడ్డ. ఆదివారమైతే ప్రార్థన ముగిసేసరికి రింకు గుమ్మం ముందు జనం. "రేపు" అంటే "రేపు" అనుకుంటూనే నాలుగేళ్ళు దొర్లిపోయాయి.

ఆ నాలుగేళ్ళలో ఊళ్ళోకి వీడియో వచ్చింది, టీవీ వచ్చింది. బల్లమీద కాళ్ళు తగ్గాయి. ఎనభై నాలుగు దీపావళి వెళ్ళాక దశరథరామయ్యగారు బల్లమీద కూర్చుని, అలవాటుగా కాలు చాపబోయి మానేశారు.

"ఇక లాభం లేదురా ఆశీర్వాదం. షెడ్డు పత్తివాళ్ళకిస్తన్నా. చక్రాలన్నీ బెజవాడ ఎగ్జిబిషనాయన పట్టుకుపోతాడు."

"ఎప్పుడండీ?"

"ఆదివారం నుంచే పత్తి దిగుద్ది."

ఎగ్జిబిషనాయన శనివారం వచ్చి నలభై జోళ్ళు గోనెల్లో వేసుకుపోయాడు. పట్టీ తెగిన జోడొకటి మిగిలింది. ఆశీర్వాదం తన నడుముకున్న బెల్టును రెండుగా కోసి దానికి కుట్టాడు. ఆదివారం ప్రార్థన మధ్యలోనే లేచి, ఆడవాళ్ళ వైపు వెళ్ళి భార్య భుజం తట్టాడు. పాస్టరుగారు వాక్యం ఆపి చూస్తున్నా ఆగలేదు.

"ఏందయ్యా, మతిపోయిందా?"

"ఇయ్యాల్టితో సరి. రా."

వాళ్ళు వెళ్ళేసరికే లారీ వచ్చి ఉంది. హమాలీలు పత్తి బోరాలు మోసుకొచ్చి నైరుతి మూలలో పేరుస్తున్నారు. బరువెప్పుడూ నైరుతిలోనే పెట్టాలి కదా. నేల ఎత్తుగా ఉండే భాగమంతా అప్పటికే బోరాల కింద ఉంది. సగం షెడ్డే మిగిలింది.

"జనమున్నారుగా," అంది ఆరోగ్యమ్మ.

"వాళ్ళకి మనం కనపడం. మోసేవాడికి ముందు బోరా తప్ప ఏం కనపడద్ది?"

ఆమె బల్లమీద కూర్చుంది. అతను మోకాలు వంచి కింద కూర్చుని, ఆమె పాదం తీసుకోబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నువ్వు నా కాళ్ళు పట్టుకోటమేంటి!"

"ఆరేళ్ళు ఊరందరి కాళ్ళూ పట్టా. నీ కాలొక్కటే నా చేతికి రాలేదు."

ఆరోగ్యమ్మ తనే పాదం అతని మోకాలిమీద పెట్టింది. మడమ పగుళ్ళలో మిరపచేల నల్లమట్టి. పట్టీ బిగిస్తూ అతను కిందికే చూశాడు.

జోడు ఒక్కటే. చెయ్యీచెయ్యీ పట్టుకుని తిరగడం ఎలాగూ కుదరదు. ఆమెను బోరాల వరుస దాకా నడిపించి, ఒక బోరా పట్టుకుని పల్లం వైపు తిరగమని, తాను వట్టికాళ్ళతో ఈశాన్యానికి వెళ్ళి గడ్డి బస్తాల ముందు నిలబడ్డాడు. ఆ గచ్చు చల్లదనం అతని పాదాలకు ఎన్నాళ్ళకో తగిలింది.

"తొయ్యనక్కర్లా. వదిలెయ్యి. అదే తెస్తది."

ఆమె బోరా వదిలింది. కదిలింది. "ఓయమ్మో," అంది. పదిహేను గజాల నేల ఆమెను మోసుకొచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఆమె ఒళ్ళంతా నవ్వుతో అదురుతోంది.

"మళ్ళీ," అంది.

మళ్ళీ ఆమెను ఎగువకు తీసుకెళ్ళేసరికి బోరాలు రెండు వరుసలు ముందుకొచ్చాయి. పన్నెండు గజాలు. ఆ తర్వాత తొమ్మిది. హమాలీలు పాట పాడుతూ మోస్తున్నారు, ఎవరి పని వాళ్ళది. ఆమె ఎన్నిసార్లు "మళ్ళీ" అందో అతను లెక్కపెట్టలేదు. నాలుగేళ్ళ రేపులన్నీ ఆ పూటే తీర్చుకోవాలన్నట్టు అంటూనే ఉంది.

చివరిసారి ఆమె పత్తిగోడకు వీపు ఆనించి నిలబడింది. అతను ఎడమచెయ్యి చాపాడు. వాళ్ళిద్దరి మధ్యా చెయ్యి చాపితే అందేంత నేలే మిగిలింది. ఆమె ఆ చెయ్యి అప్పుడే అందుకోలేదు. పట్టుకున్న బోరా వదిలి, చక్రాలు వాటంతటవి కదిలేదాకా ఆగింది.