నొస్టాల్జియాకి రెండో ముక్క

మహాకావ్యమే రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే ఇది క్యాంటీన్‌లో చేప ముక్క గొడవ.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో నా పక్క మెషీను మీద శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన ఒక జాలరి కుర్రాడు పనిచేసేవాడు. చేపల పులుసు వాసన తగలగానే కళ్ళు మూసుకుని, వడ్డించే అక్క ముందు గుండె మీద చెయ్యేసుకునేవాడు.

“నొస్టాల్జియా అక్కా. గ్రీకులో ఇంటికి తిరిగెల్డం ఒక మాట, నొప్పి ఇంకో మాట. రెండూ కలిపి డాక్టర్లు ఒకప్పుడు ఇంటిబెంగ జబ్బుకి పేరెట్టినారు.”

ఆవిడ కరిగిపోయి అతనికి రెండో ముక్క వేసేది. నాకు పులుసు, దాంతోపాటు కడుపుమంట.

అతను పని మానేసి ఊరెళ్ళిపోయాక నేనూ గుండె మీద చెయ్యేశాను.

“నాకూ అదే జబ్బు అక్కా!”

“నీ ఇల్లు గాజువాకే కదేటి? రోజూ ఎల్తన్నావ్ కదా! ఆ బాబు ఎల్లిపోయాక జబ్బు నాకొచ్చింది.”

ఆవిడ నిట్టూర్పూ అతనికే దక్కింది.

నాకా, ఇంటికెళ్ళే గాజువాక బస్సు ఫ్యాక్టరీ గేటు ముందే ఆగుతుంది.