తలెత్తని పన్నెండు నిమిషాలు

మా పిన్నికి కోపం వస్తే అరవదు, దాచుకుంటుంది. ఇరవై రెండేళ్ళ కోపం ఒకటి ఆవిడ జిరాక్సు కొట్టు సొరుగులో లామినేషను చేసి ఉంది. కొట్టుకి లామినేషను మిషను వచ్చిన రోజు మొట్టమొదట అందులో పెట్టిన కాయితం అదే. పిన్ని ఇంటర్వ్యూలో తెచ్చుకున్న మార్కుల కాయితం. పదికి రెండు. పక్కనే ఒక వాక్యం: "ఎదుటి మనిషి మీద ధ్యాస పెట్టదు." కింద సంతకం.

డిగ్రీ చదివినన్నాళ్ళూ పిన్ని ధ్యాసంతా ఫిజియోథెరపీ కోర్సు మీదే. దానికి మార్కులొక్కటే చాలవు. ఆసుపత్రిలో మూడు వందల గంటలు ఊరికే పనిచేసి, పుస్తకంలో సంతకాలు పెట్టించుకోవాలి. ఇద్దరు లెక్చరర్ల ఉత్తరాలు తేవాలి. ఈ వృత్తి ఎందుకు కావాలో రెండు పేజీలు రాయాలి. ఆఖర్న పన్నెండు నిమిషాల ఇంటర్వ్యూ. పిన్ని నాలుగు వందల గంటలు చేసింది. చక్రాల కుర్చీలు తోసింది. పక్షవాతం వచ్చిన ఒక ముసలాయన చేతికి నెల రోజుల పాటు రోజూ రబ్బరు బంతి అందించింది. ఆయన వేళ్ళు మొదటిసారి ఆ బంతి చుట్టూ ముడుచుకున్న రోజు గురించి ఇంటర్వ్యూలో చెప్పాలని అద్దం ముందు ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

ఇంటర్వ్యూ చేసినాయన ఆ పన్నెండు నిమిషాలూ పక్కనున్న ఫైళ్ళ మీద సంతకాలు పెడుతూ కూర్చున్నాడు. ఒక్కసారి తలెత్తలేదు. పిన్ని "ఆ ముసలాయన వేళ్ళు..." అనేసరికి, "అయిందా? తర్వాతెవరు?" అన్నాడట. తలెత్తని పెద్దమనిషి మా పిన్నికి ధ్యాస లేదని రాశాడు. ఆ మాట తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది, ఇక ఆవిడ సంగతి చెప్పాలా?

ఆ ఏడే తాతయ్య మంచం పట్టడంతో పిన్ని రెండోసారి ప్రయత్నించలేదు. సరిగ్గా ఆ కాలేజీ గేటుకి ఎదురుగా కొట్టు పెట్టింది. ఖాళీ అక్కడే దొరికింది అంటుంది. నేను నమ్మను.

దరఖాస్తులు కట్టుకునే పిల్లలంతా ఆ కొట్టుకే రావాలి. పిన్ని కాపీలు తీస్తూనే వాళ్ళు రాసినవి చదివేస్తుంది. "చిన్నప్పటి నుంచీ సేవ చెయ్యాలని నా కోరిక" అని కనబడిందా, అంతే సంగతులు. చిన్నప్పుడు నీ కోరిక పక్కింటివాడి సైకిలు, అబద్ధాలు మానేసి ఆసుపత్రిలో నీకు భయం వేసిన రోజు గురించి రాసుకు రా అని వెనక్కి పంపేది. తిరిగొచ్చిన వాళ్ళని కాయితాల కట్టల మధ్య స్టూలు మీద కూర్చోబెట్టి ఇంటర్వ్యూకి తర్ఫీదు ఇచ్చేది. అడిగినవాళ్ళకల్లా నేర్పేది, కాకపోతే ఒక్క షరతు. ఆ తలెత్తని పెద్దమనిషి కలం పట్టుకున్న మరుక్షణం నోరు మూసెయ్యాలి. మాట సగంలో ఉన్నా సరే. ఆయన తలెత్తాక, "మీ పని కానివ్వండి సార్, నేను ఆగుతాను" అని మర్యాదగా చెప్పాలి.

ఆయన ఇప్పుడు ఎంపిక కమిటీకే పెద్ద. పిల్లలు పెట్టిన పేరు సంతకాల సారు. ఏటా పదిమందో పన్నెండుమందో ఆయన ముందు ఉన్నట్టుండి మూగవాళ్ళయ్యేవారు. ఆయన మొహం కందిపోయిందనీ, పక్కనున్న మేడం దగ్గు నటిస్తూ నవ్వు ఆపుకుందనీ వాళ్ళు వచ్చి చెబుతుంటే పిన్ని రెండేసిసార్లు చెప్పించుకునేది. ఆ పూట తిండి సహించేది ఆవిడకి. ఒకమ్మాయికి అలా ఆగినందుకే మార్కులు తగ్గి సీటు పోయింది. కొట్టులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిన్ని మంచినీళ్ళిచ్చి వీపు నిమిరింది. షరతు మాత్రం మార్చలేదు.

నా వంతు వచ్చింది. కిందటేడు రెండు ర్యాంకుల తేడాతో సీటు పోయింది. రెండుసార్లకి మించి రానివ్వరు కాబట్టి ఇదే ఆఖరు. అక్క కూతుర్ని కదా, నన్ను ఆ షరతు నుంచి వదిలేస్తుందిలే అనుకుని అడిగాను.

"నీ ఇష్టం. మాట్లాడుకో," అంది పిన్ని. "వచ్చి నాకు మాత్రం చెప్పకు."

దానికన్నా రెండు తగిలించినా బాగుండేది.

ఇంటర్వ్యూ గదిలో మూడో నిమిషానికి ఆయన కలం మూత తీశాడు. ప్రమాదం తర్వాత నడక నేర్చుకుంటున్న ఒకావిడ గురించి చెబుతున్నాను. ఆగిపోయాను. నాలుగు సంతకాలు అయ్యాయి. ఐదో దాని దగ్గర కలం నిలిచింది, తల లేచింది. చెప్పాల్సిన మాట చెప్పాను.  

"ఏటేటా ఇదే వరస. మీకిది ఎవరు నేర్పుతున్నారమ్మా?" అన్నాడు ఆయన.

అంతా చెప్పేశాను. ఏ ఏడు, ఎన్ని మార్కులు, ఏ వాక్యం, ఏ కొట్టు. పిన్నిని చెప్పనివ్వని ఆ ముసలాయన వేళ్ళ సంగతి కూడా. నా గురించి చెప్పుకోవడానికి ఇక టైము మిగల్లేదు. సీటు పోయిందని తెలుస్తూనే ఉంది, అయినా కసి తీరి హాయిగా మెట్లు దిగాను.

నాలుగో రోజు, ఎంపికైనవాళ్ళ జాబితా ఇంకా రాకముందే, ఆయన కొట్టుకొచ్చాడు. ఏడెనిమిది మంది పిల్లలు వరసలో ఉన్నారు. ఇన్నేళ్ళూ కారు అద్దాల వెనకే గేటు దాటిన మనిషిని పిన్ని మళ్ళీ చూసింది లేదు, అందుకే ఎవరో చెవిలో చెప్పాను. ఆవిడ ఒక రికార్డుల కట్ట ముందుకు లాక్కుని, తల వంచి, పేజీలకి నంబర్లు వెయ్యడం మొదలుపెట్టింది. ఆయన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. పాత కాయితాలు తీయించి చూశానంటూ ఏదో మెల్లిగా మొదలుపెట్టాడు. పిన్ని చెయ్యి చాచి మిషను బటను నొక్కింది.

"కాస్త గట్టిగా చెప్పండి. చప్పుడుకి వినపడటం లేదు."

మిషన్లోంచి వస్తున్నవన్నీ తెల్ల కాయితాలే.

"తప్పు నాదేనమ్మా," అన్నాడాయన, వరసంతా వినేలా. "నువ్వు చెప్పింది నేను వినలేదు. వినకుండానే రాశాను."

పిన్ని ఇంకో పేజీకి నంబరు వేసింది. జాబితా ఆ మనిషి చేతిలో ఉందని నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. కాలు తీసేసుకుంది. గోడ గడియారం వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు.

"ఆ రోజు ఒక ముసలాయన గురించి చెప్పబోయావట. ఇప్పుడు చెప్పమ్మా, వింటాను."

పిన్ని చేతిలో కలం ఆగింది. చెబుతుందనే అనుకున్నాను.

"అయిందా?" అంది, తలెత్తకుండా. "తర్వాతెవరు?"

వెనకున్న అమ్మాయి ముందుకు రావాలా వద్దా అని తటపటాయించింది. ఆయనే పక్కకి జరిగి దారిచ్చాడు. తర్వాత మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సీటు నాకు వచ్చింది, కానీ అది తెలిసింది వారం తర్వాత. ఆ పూట మాత్రం నా బతుకు బుగ్గి చేసిందని పిన్ని మీద పళ్ళు కొరుకుతూ నిలబడ్డాను. వరస అయిపోయాక ఆవిడ మిషను ఆపి, తెల్ల కాయితాలన్నీ పోగేసి, అంచులు బల్లకేసి తట్టింది.

"బాగా ముసలాడయ్యాడా?" అని అడిగింది.

"అయ్యాడు. కుడి చెయ్యి వణుకుతోంది."

"సంతకాలు పెట్టేదేగా," అంది పిన్ని, కాయితాలు మళ్ళీ మిషన్లో సర్దుతూ. "వణకనీ."