పికిలిపిట్ట వయసు

ఈ ఉదయం బాల్కనీ గ్రిల్ మీద పికిలిపిట్ట పాడుతుంటే, పొందూరులో మా పెరటి పనసచెట్టు కింద మామ్మతో పడిన తగువు గుర్తొచ్చింది.

పిట్టల వాటా అని మామ్మ ఏటా ఒక పండును కోయకుండా చెట్టుకే వదిలేసేది. దాన్ని తినడానికి ఓ పికిలిపిట్ట వచ్చేది.

"ఒసే, పిట్ట కన్నా సెట్టే గొప్పదే. మా అత్త నాటింది, ఇంకా కాస్తన్నాది. పిట్టదేటి, నాలుగేళ్ల బతుకు," అంది నా చిన్నప్పుడు ఓ వేసవిలో.

"కాదు! ఏటా అదే పిట్ట వస్తాది. సెట్టంత వయసు దానిది!"

నా పిట్ట చచ్చిపోతుందేమోనని కాలు నేలకేసి కొడుతూ అరిచాను. మామ్మ నా ముఖంలోకి చూసింది.

"సర్లేవే, అదే పిట్ట. నువ్వే గెలిసావు."

ఎవరి దగ్గరా మాట తగ్గని మనిషి ఆవిడ. నా వాదన అంత గట్టిదని చాన్నాళ్లు మురిసిపోయాను. ఇప్పుడు వాదించి అందరినీ గెలుస్తాను. నాకోసం ఓడిపోయే మనిషే లేదు.